మంటతో చల్లదనం

మంట పెడితే నీళ్లు కాగుతాయి. ఇది అందరికీ తెలిసిందే. మరి అదే మంటతో నీళ్లు గడ్డకడతాయంటే మీరు నమ్ముతారా? కరెంటు లేకుండా, కిరోసిన్ దీపంతోనో గ్యాసు మంటతోనో నడిచే ఫ్రిజ్‌లు నిజంగానే ఉన్నాయి. కలకత్తాలో ముప్పై ఏళ్లకు పైగా ఫ్రిజ్‌లు బాగుచేసి నేను నా కుటుంబాన్ని పోషించుకున్నాను. ఆ అనుభవంలోంచి ఒక సంగతి మీకు చెప్పాలనుకుంటున్నాను.

కలకత్తాకూ చల్లదనానికీ పాత సంబంధం ఉంది. 1833లో ‘టస్కనీ’ అనే ఓడ అమెరికాలోని బోస్టన్ నుంచి మంచుగడ్డలు మోసుకుని ఇక్కడికి వచ్చింది. బయలుదేరినప్పుడు అందులో 180 టన్నుల మంచు ఉంది. నాలుగు నెలల ప్రయాణం తరువాత మిగిలింది సుమారు 100 టన్నులు. అంత దూరం నుంచి మంచు తెప్పించుకున్న నగరం ఇది. తరువాత 1922లో స్వీడన్ దేశంలో ప్లాటెన్, మంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు మంటతో నడిచే ఫ్రిజ్‌ను తయారుచేశారు. 1925 నుంచి ఎలక్ట్రోలక్స్ సంస్థ దాన్ని అమ్మకానికి తెచ్చింది.

ఇది ఎలా పనిచేస్తుంది? వేసవిలో మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో గుర్తు తెచ్చుకోండి. కుండ పైకి ఊరిన నీరు ఆవిరవుతూ, లోపలి నీళ్లలోని వేడిని తీసుకుపోతుంది. ఈ ఫ్రిజ్‌లో ఆ పని అమ్మోనియా చేస్తుంది. వెనక భాగంలో అడుగున ఒక చిన్న బాయిలరు ఉంటుంది. అందులో అమ్మోనియా కలిసిన నీళ్లుంటాయి. కింద మంట పెడితే అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. పై గొట్టాల్లో గాలి తగిలి చల్లబడి ద్రవమవుతుంది. ఆ ద్రవం ఫ్రిజ్ లోపలి గొట్టాల్లోకి దిగి, అక్కడున్న హైడ్రోజన్ వాయువులో మళ్లీ ఆవిరవుతుంది. అప్పుడే లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఆ ఆవిరిని నీళ్లు పీల్చుకుని తిరిగి బాయిలరుకు చేరుస్తాయి. ఇందులో మోటారు లేదు, తిరిగే భాగం ఏదీ లేదు. ద్రవం పల్లానికి పారుతుంది, ఆవిరి పైకి లేస్తుంది. అంతే. అందుకే ఈ ఫ్రిజ్ చప్పుడు చేయదు. అందుకే ఇది నిటారుగా, మట్టంగా నిలబడి ఉండాలి. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు ముందు పనికివస్తుంది.

1970లలోనూ 80లలోనూ కలకత్తాలో కరెంటు కోత చాలా ఎక్కువ. గంటల తరబడి దీపాలు ఉండేవి కావు. అటువంటి రోజుల్లో కిరోసిన్ ఫ్రిజ్ ఎంతో విలువైన వస్తువు. నగరానికి ఉత్తరాన టిటాగఢ్‌లో జనపనార మిల్లులున్నాయి. ఆ మిల్లుల్లో మన తెలుగువాళ్లు ఎంతోమంది పనిచేశారు. అక్కడి ఒక ధర్మాసుపత్రిలో పిల్లల టీకా మందులు కిరోసిన్ ఫ్రిజ్‌లోనే ఉంచేవారు. 1984 సెప్టెంబరులో ఆ ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. అంతకుముందు వచ్చిన ఒక మెకానిక్ “లోపల గ్యాసు అయిపోయింది, గొట్టం కోసి నింపాలి” అన్నాడట. అతను అడిగిన సొమ్ము ఆ ఆసుపత్రికి చాలా పెద్ద మొత్తం. ఆ తరువాత నాకు కబురు పెట్టారు.

అక్కడి కాంపౌండరు శ్రీకాకుళం వైపు పెద్దాయన. “ఏమయ్యా మిస్త్రీ, బతుకుతుందా?” అని అడిగాడు. నా కళ్లు ఫ్రిజ్ మీద కాక, దాని పక్కన మేకుకు వేలాడుతున్న పుస్తకం మీద పడ్డాయి. “బాబూ, ముందు ఆ పుస్తకం ఇలా ఇవ్వండి” అన్నాను.

ఆయన రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫ్రిజ్ లోపలి వేడిని థర్మామీటరులో చూసి పుస్తకంలో రాసేవాడు. నెలల తరబడి 4, 5, 6 డిగ్రీలే ఉన్నాయి. ఒక రోజు నుంచి అంకెలు మారాయి. 8, 11, 14, 15. “ఆ రోజు ఇక్కడ ఏం జరిగింది బాబూ?” అని అడిగాను. ఆయన ఆలోచించి, “పూజలు వస్తున్నాయని గోడలకు సున్నం వేయించాం” అన్నాడు. సున్నం వేయడానికి ఫ్రిజ్‌ను జరిపారు. తిరిగి పెట్టేటప్పుడు గోడకు ఆనించి పెట్టేశారు. ఆ మూల నేల పల్లంగా ఉంది.

నా సంచిలోంచి రసమట్టం తీశాను. తాపీపనివారు వాడేదే. ఫ్రిజ్‌లో పెట్టి చూస్తే బుడగ ఒక పక్కకు పోయింది. ద్రవం బాయిలరుకు సరిగా చేరడం లేదన్నమాట. అలా ఎక్కువ రోజులు మండితే బాయిలరు మాడి, ఫ్రిజ్ ఇక పనికిరాకుండా పోతుంది. మంట ఆర్పేశాం. గోడకు జానెడు ఎడంగా జరిపాం. కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి మట్టం చేశాం. వత్తి కత్తిరించి సరిచేశాను. పొగగొట్టంలో మసి దులిపాను. కొన్ని గంటలు ఆగి మళ్లీ వెలిగిస్తే మంట నీలంగా నిలిచింది. ఈ ఫ్రిజ్‌కు తొందర పనికిరాదు. రాత్రంతా వదిలేశాం. తెల్లవారి చూస్తే లోపల 6 డిగ్రీలు!

అందరూ సంతోషించారు. కానీ డాక్టరుగారు ఆ పుస్తకం తీసుకుని అంకెలు మరోసారి చూశారు. టీకా మందులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ రోజుల్లో వేడెక్కిన మందులన్నీ ఆయన పక్కకు తీయించేశారు. ఫ్రిజ్ బాగుపడింది కదా అని కాంపౌండరు బాధపడ్డాడు. అయితే చెడిన మందు మళ్లీ చల్లబెట్టినంత మాత్రాన బాగుపడదు. ఆ వారం వచ్చిన తల్లులకు మళ్లీ రమ్మని చెప్పి పంపారు. ఆ పుస్తకమే లేకపోతే, శక్తిలేని మందు ఎంతమంది పిల్లలకు వేసి ఉండేవారో ఆలోచించండి.

అన్ని ఫ్రిజ్‌లూ ఇలా బాగుపడవు. బాయిలరు దగ్గర పసుపుపచ్చని మరక ఉన్నా, అమ్మోనియా ఘాటు వాసన వస్తున్నా లోపలి ద్రవం కారిపోతున్నట్టే. అప్పుడు మంట ఆర్పి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికి రావాలి. ఆ గొట్టాల్లో ఒత్తిడి చాలా ఎక్కువ. అమ్మోనియా కళ్లకూ ఊపిరికీ హాని చేస్తుంది. హైడ్రోజన్ మండుతుంది. వాటిని ఎవరూ ఇంట్లో కోయకూడదు. అటువంటప్పుడు “ఇది నా చేతిలో లేదు” అని నేను చెప్పేవాణ్ణి. ఆ మాట వల్ల కూలి పోయింది గాని, నామీద నమ్మకం పోలేదు.

ఇప్పుడు కిరోసిన్ ఫ్రిజ్‌లు అరుదు. అయినా ఇదే పద్ధతి ఫ్రిజ్‌లను విదేశాల్లో ఇల్లులా అమర్చిన మోటారు బళ్లలో, కొన్ని హోటల్ గదుల్లో వాడుతున్నారు. బండి ఒరిగి నిలబడితే వాటికీ అదే జబ్బు. వాటిని చూసేటప్పుడూ వరుస అదే. ముందు మట్టం చూడండి. తరువాత మంట, మసి, వెనక గాలి ఆడే చోటు, తలుపు రబ్బరు చూడండి. గొట్టాల సంగతి ఆఖరున.

మీరు ఏ పని నేర్చుకుంటున్నా ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. తేదీ వేయండి. చూసింది చూసినట్టు రాయండి. మీ తరువాత ఆ యంత్రం దగ్గరికి వచ్చే మనిషికి మీరు రాసిన ఆ నాలుగు అంకెలే దారి చూపుతాయి.