పొయ్యి మారింది, పథ్యం మారలేదు

"ఏమ్మా, ఇంట్లో నూనె తగ్గించారా?" అని అడిగారు డాక్టరుగారు.

"తగ్గించడమేమిటండీ, మూకుడు అటక ఎక్కించేశాను. అబ్బాయి బెంగుళూరు నుంచి ఓవెన్ పంపించాడు. ఇప్పుడన్నీ అందులోనే" అన్నాను, కాస్త గర్వంగానే.

ఆయన చేతిలోని కాగితం నావైపు తిప్పారు. మావారికి నెల్లూరులో గుండెకు స్టెంటు వేసి అప్పటికి పద్నాలుగు నెలలు. స్టెంటు వేసినప్పుడు మూడు నెలల సగటు చక్కెర 6.1 వుండేది. ఇప్పుడు 6.9. చెడ్డ కొలెస్టరాలు 70 లోపు వుండాలని చెప్పి పంపిస్తే 96కి చేరింది. మందులు ఒక్కపూట కూడా తప్పలేదు. నడక మానలేదు. మరి ఇంట్లో మారిందేమిటి? మారింది ఒక్కటే, పొయ్యి!

ఆ రోజు నాకు తెలిసివచ్చిన సంగతి నలుగురికీ చెప్పాలనే ఇది రాస్తున్నాను. పండగల ముందు ఇలాంటి ఓవెన్లు కొనేవాళ్ళు మా వూళ్ళో కూడా ఎక్కువయ్యారు. "నూనె లేని వంట, గుండెకు మంచిది" అని అంగట్లో చెప్పే మాట విని కొంటున్నారు. నేనూ ఆ మాటనే నమ్మినదాన్ని.

మాది ఆత్మకూరు. నా పుట్టిల్లు ఉదయగిరి, కొండ కిందనే ఇల్లు. మా వైపు సాయంత్రం నాలుగయితే ప్రతి ఇంట్లో ఏదో ఒకటి వేగుతూనే వుంటుంది. పునుగులో, బజ్జీలో, చెక్కలో. "వేయించినవి తగ్గించండి" అని డాక్టరుగారు చెప్పిన మాటని నేను "మూకుడు తీసేస్తే చాలు" అని అర్థం చేసుకున్నాను. మూకుడు పోయిన చోటికి బిస్కెట్ల పళ్ళెం వచ్చింది. ఇంట్లో చేసినవే కదా, నూనెలో ముంచలేదు కదా అని మావారు పొద్దున కాఫీతో నాలుగు, సాయంత్రం టీతో నాలుగు తినేవారు. నేనే దగ్గర కూర్చుని పెట్టేదాన్ని.

డాక్టరుగారు నాచేతనే లెక్క కట్టించారు. పావుకిలో మైదా, 125 గ్రాముల వెన్న, 125 గ్రాముల చక్కెర కలిపితే ముప్పై బిస్కెట్లు అవుతాయి. అందులో ఎనిమిది తింటే 33 గ్రాముల వెన్న, 33 గ్రాముల చక్కెర లోపలికి వెళ్ళినట్టు. చెంచాకి అయిదు గ్రాముల చొప్పున ఆరు చెంచాల పైన చక్కెర! విడిగా కలుపుకునే చక్కెర రోజు మొత్తం మీద 50 గ్రాములు దాటకూడదనీ, 25 లోపు వుంటే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మావారికి బిస్కెట్లతోనే ఆ పాతిక దాటిపోయింది. ఇక వెన్నలో సగం, రక్తంలో చెడ్డ కొలెస్టరాలు పెంచే సంతృప్త కొవ్వే.

"పునుగులు మానిపించి వెన్నా చక్కెరా తినిపిస్తున్నారన్నమాట" అన్నారాయన నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

వనస్పతితో చేస్తే బిస్కెట్టు బాగా కరకరలాడుతుందని ఎవరో చెబితే రెండుసార్లు అలా కూడా చేశాను. వనస్పతిలో వుండే ట్రాన్స్ కొవ్వు గుండెకు అన్నిటికన్నా చెడ్డది. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో అది నూటికి రెండు పాళ్ళు మించకూడదని నిబంధన వుంది. అది తగ్గినంత మాత్రాన వనస్పతి మంచిదయిపోదు. గడ్డకట్టి వుండే కొవ్వు ఎలా చూసినా గుండె రోగికి పనికిరాదు.

ఇంటికి వచ్చాక ఓవెన్ని తలుపు తీసి తీరిగ్గా చూశాను. పైనొక కడ్డీ, కిందొక కడ్డీ, వెనకాల చిన్న ఫ్యాను. అంతే! కడ్డీలు ఎర్రగా కాలుతాయి, ఫ్యాను ఆ వేడిగాలిని నాలుగువైపులా తిప్పుతుంది. దమ్ బిరియానీకి గిన్నె కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టే పద్ధతి మనకి కొత్త కాదు. ఇదీ అదే పని చేస్తుంది, కరెంటుతో. ఈ మధ్య అందరూ చెప్పుకుంటున్న ఎయిర్ ఫ్రయర్ కూడా ఫ్యాను జోరు ఎక్కువగా వుండే ఒక చిన్న ఓవెనే. దాంట్లో మందూ లేదు, మాయా లేదు. వంకాయ పెడితే వంకాయ కాలుతుంది. వెన్నముద్ద పెడితే వెన్నముద్దే తయారవుతుంది.

అయితే ఓవెన్ పనికిరానిదనుకోకండి. మా అమ్మ సంగతి చెపుతాను.

అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. గ్యాసు పొయ్యి వున్నా, వంకాయ కాల్చాలన్నా శెనిక్కాయలు వేయించాలన్నా పెరట్లో కట్టెలపొయ్యి ముట్టించాల్సిందే. ఆ పొగకి ఏళ్ళ తరబడి దగ్గు, కొండ వైపు నాలుగడుగులు వేస్తే ఆయాసం. పొగ దగ్గరికి పోవద్దని డాక్టర్లు చెప్పి చెప్పి విసిగారు. "కాల్చని వంకాయ పచ్చడేందమ్మాయ్, నోటికి పోతుందా?" అనేది అమ్మ. ఈ ఓవెన్ అసలు అవసరం మా ఇంట్లో కన్నా అక్కడే వుందనిపించింది. ఈసారి నేనే దగ్గరుండి ఎంచి కొన్నాను.

ఒకరిద్దరికయితే 15 నుంచి 20 లీటర్లది, నలుగురికయితే 25 నుంచి 30 లీటర్లది సరిపోతుంది. పెద్దది కొంటే వేడెక్కడానికే ఎక్కువ కరెంటు కావాలి. ఫ్యాను వుందో లేదో అడిగి చూసుకోండి, పైకి ఒకేలా కనిపించే వాటిలో కొన్నిటికి అది వుండదు. పైకడ్డీ, కిందికడ్డీ విడివిడిగా వేసుకునే మీట, వేడి ఎంతో చూపించే మీట, టైము అయిపోగానే తనంతట ఆరిపోయే గంట వుండాలి. మా అమ్మలాంటి వాళ్ళకి ఆ గంట చాలా ముఖ్యం. తునకలు రాలే పళ్ళెం బయటికి లాగి కడుక్కునేలా వుండాలి. అందులో నూనె పేరుకుంటే అంటుకుంటుంది.

తెచ్చి అమ్మ ఇంట్లో పెట్టిన రెండోరోజే ఫోను.

"ఏందమ్మాయ్ ఇది, ముట్టుకుంటే చీమలు కుట్టినట్టుండాది?"

నా గుండె ఝల్లుమంది. "అమ్మా, దాన్ని ముట్టుకోవద్దు. గోడ స్విచ్చి ఆపెయ్" అని, ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. ఎలక్ట్రీషియన్ని పిలిపిస్తే సంగతి బయటపడింది. పాత ఇల్లు. ప్లగ్గుకి మూడు రంధ్రాలున్నాయి గాని మూడోదానికి ఎర్త్ తీగే లేదు. గుంటలో వేసిన ఎర్త్ కూడా ఎండిపోయి వుంది. మా ఉదయగిరి నేల సంగతి తెలిసిందే కదా. వేసవిలో రాయీ రప్పా ఎండి, తేమ అనేది వుండదు. తేమ లేని నేల కరెంటుని లోపలికి తీసుకోదు. కొత్త తీగ లాగించి, గుంటలో ఉప్పూ బొగ్గూ వేయించి, ఎండాకాలం వారానికోసారి నీళ్ళు పోయమని చెప్పాను. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు బయటికి పోతేనే టక్కున ఆపేసే స్విచ్చి కూడా పెట్టించాను. ఓవెన్ ధరలో సగం దీనికే అయింది. ఆ డబ్బు గురించి నేనెప్పుడూ బాధపడలేదు.

అందుకే ఓవెన్ కొనేముందు ఇంటి గోడ చూసుకోండి. 1500 వాట్ల ఓవెన్ ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫ్యానులకీ లైట్లకీ వాడే చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లకే చేసినది. ఓవెన్‌కి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు, ఎర్త్‌తో సహా తప్పనిసరి. పొడుగు తీగల బోర్డు మీద పెట్టకండి. మామూలు ఇన్వర్టరు దీన్ని మోయలేదు. మూడో పిన్ను విరిచి రెండు పిన్నులతో నడిపేవాళ్ళని చూశాను, వాళ్ళు ప్రాణంతో చెలగాటమాడుతున్నారు. నెలల తరబడి వాడకుండా వుంచితే కడ్డీల్లోకి తేమ చేరి కరెంటు బయటికి రావచ్చు. అలాంటప్పుడు ఎర్త్ వుందో లేదో చూపించుకున్నాకే మళ్ళీ వాడాలి.

ఇంకో సంగతి. వేసవిలో సాయంత్రంపూట ఓల్టేజి పడిపోతే ఓవెన్ పూర్తిగా వేడెక్కదు. 230 ఓల్టులు రావలసిన చోట 180 వస్తే, వేడి నూటికి అరవై పాళ్ళే. పుస్తకంలో ఇరవై నిమిషాలని రాసి వుందని తీసేస్తే చేప లోపల పచ్చిగానే వుంటుంది. గడియారాన్ని నమ్మకండి. ముక్క మధ్యలో విరిచి చూడండి. చేపయితే పొరలు పొరలుగా విడిపోవాలి, కోడిమాంసమయితే ఎర్రనీరు కనిపించకూడదు.

గోడకి జానెడు దూరంలో పెట్టండి. కింద ప్లాస్టిక్ గుడ్డ పరచకండి, పక్కన కర్టెన్లు వుండకూడదు. అద్దం తలుపు చెయ్యి పెడితే కాలేంత వేడెక్కుతుంది, పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. లోపల పెట్టే పాత్ర లోహందో, వేడికి తట్టుకునే గాజుదో, మట్టిదో అయి వుండాలి. ప్లాస్టిక్ గిన్నె మైక్రోవేవ్‌లో పనికొచ్చేదయినా ఇందులో కరిగిపోతుంది. మా ఉదయగిరి కొయ్య గరిటెలు కలపడానికి బంగారమే గాని, లోపల మరిచిపోతే బొగ్గే. చింతపండు, నిమ్మరసం, టమాటా తగిలిన వాటిని అల్యూమినియం కాగితంలో చుట్టకండి. పులుపు ఆ లోహాన్ని తినేస్తుంది, అది మన కూరలో కలుస్తుంది.

ఇక వంట. పెట్టేముందు పది నిమిషాలు ఖాళీగా వేడి చెయ్యండి. ఫ్యాను వేస్తే, పుస్తకంలో చెప్పిన వేడికి 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించుకోండి. వంకాయకి నాలుగు గాట్లు పెట్టాకే లోపల పెట్టాలి, లేకపోతే పేలుతుంది. 200 డిగ్రీల దగ్గర ముప్పావుగంటలోపు మెత్తబడుతుంది. శెనిక్కాయ గింజలకి 160 డిగ్రీలు, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపాలి. అప్పడం నూనె చుక్క లేకుండా రెండు మూడు నిమిషాల్లో పొంగుతుంది, దాని పక్కనుంచి కదలకండి. పెన్నలో దొరికే చేపకి ఉప్పూ కారం పసుపూ పట్టించి ఒక చెంచా నూనె రాస్తే చాలు. ఒక చెంచా నూనె నలభై కాలరీలు. అదే మూకుట్లో ముక్క ఎంత పీలుస్తుందో మనకి లెక్క తెలియదు. పైగా మిగిలిన నూనెని రేపటికి దాచుకుంటాం.

రంగు మాత్రం కనిపెట్టి వుండండి. బియ్యప్పిండి, మైదా, ఉర్లగడ్డ లాంటివి 120 డిగ్రీలు దాటి పొడిగా కాలినప్పుడు ఆక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుంది. ఆహారంలో ఇది పుడుతున్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2002లో బయటపెట్టారు. ఇది క్యాన్సరుకి కారణం కావచ్చునని అనుమానించే పదార్థాల్లో ఒకటి. నూనెలో వేయించినా పుడుతుంది, ఓవెన్‌లో కాల్చినా పుడుతుంది. కనుక బంగారు రంగు రాగానే తీసెయ్యండి, నల్లబడనివ్వకండి. షుగరు వున్నవాళ్ళకి ఇంకో మాట. గెనుసుగడ్డ కాల్చితే ఉడికించినదానికన్నా త్వరగా రక్తంలో చక్కెర పెంచుతుంది. మావారికి ఇప్పుడు ఉడికించినదే, అదీ చిన్న ముక్క.

మా ఇంట్లో ఇప్పుడు బిస్కెట్లు మనవలు వచ్చినప్పుడే. సాయంత్రానికి గుప్పెడు శెనిక్కాయలో, ఒక అప్పడమో, మిరియం చల్లి కాల్చిన కూరగాయ ముక్కలో. అప్పడంలో ఉప్పు ఎక్కువ, అందుకే ఒకటే. ఆరు నెలల తరువాత పరీక్ష చేయిస్తే చక్కెర 6.3, చెడ్డ కొలెస్టరాలు 68. డాక్టరుగారు ఒక మందు మోతాదు పెంచారు కాబట్టి ఈ ఘనతంతా వంటదే అనను. కాని ఈసారి ఆయన "ఏమి వండుతున్నారు?" అని అడిగితే, పొయ్యి పేరు చెప్పకుండా పదార్థాల పేర్లు చెప్పాను. ఆయన తల వూపారు.

అమ్మకి ఆయాసం పూర్తిగా పోలేదు. ముదిరిన రోగం అంత తేలిగ్గా పోదు. కాని పెరట్లో పొయ్యి వెలిగించి ఏడాదయింది, రాత్రి దగ్గు తగ్గి నిద్ర పడుతోంది. మొన్న వెళ్ళినప్పుడు ఆదివారం పొద్దున్నే ఎర్త్ గుంటలో చెంబుతో నీళ్ళు పోస్తూ కనిపించింది.

"తులసికోటకి పోసేటప్పుడే దీనికీ పోస్తుండానమ్మాయ్" అంది.

ఓవెన్ కొనాలనుకునే వాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ముందు ఎర్త్ చూసుకోండి, తరువాత ఓవెన్ చూసుకోండి, ఆ తరువాత దాని లోపల ఏం పెడుతున్నారో రోజూ చూసుకోండి. మొదటి రెండూ ఒక్కసారి చేస్తే చాలావరకు అయిపోతాయి. మూడోది మాత్రం తలుపు తీసిన ప్రతిసారీ చూసుకోవలసిందే.