ఒకే పాప, రెండు ఫారాలు

మా పాప ఇక్కడ సోహార్‌లో రెండో తరగతిలో చేరి నాలుగు నెలలు. మొన్న స్కూల్ కౌన్సిలర్ ఎస్.డి.క్యూ. అనే ఫారం ఇచ్చారు. రాబర్ట్ గుడ్‌మన్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్ 1997లో తెచ్చింది. 25 వాక్యాలు. టీచర్ ఒకటి, మనం ఒకటి నింపాలి.

"ఒంటరిగా ఆడుకుంటుంది" అన్న చోట టీచర్ "పూర్తిగా నిజం" అని టిక్కు పెట్టారు. నేను "నిజం కాదు" అన్నాను. ఇద్దరం చూసిందే రాశాం. రిసెస్‌లో పిల్లలందరూ మలయాళంలో ఆడుకుంటారు, దీనికి ముక్క రాదు. సాయంత్రం ఎండ తగ్గాక బిల్డింగ్ కింద తెలుగు పిల్లల్ని పోగేసేది మాత్రం ఇదే!

పైగా ఆ ఫారం గత ఆరు నెలల సంగతి అడుగుతుంది. అందులో రెండు నెలలు పాప కాకినాడలో అమ్మమ్మ దగ్గరే ఉంది. పిల్లలకన్నా పెద్దలతో బాగా కలిసినా తోటివారితో ఇబ్బంది కిందే లెక్కట. అమ్మమ్మల చేతిలో పెరిగిన మన పిల్లలు ఏం కావాలి?

మీకూ ఈ ఫారం వస్తే, పాప ఏ భాషలో, ఎవరితో ఆడుతుందో పక్కన రాసివ్వండి. ఇది జబ్బు తేల్చే పరీక్ష కాదు, ఎక్కడ గమనించాలో చెప్పేది మాత్రమే. నేను రాసిచ్చాక కౌన్సిలర్ టీచర్‌తో మాట్లాడి, పాప పక్కన ఒక గుజరాతీ పాపను కూర్చోబెట్టించారు. ఇప్పుడు ఇంటికొచ్చి నాతో హిందీలో పోట్లాడుతోంది.