చిల్లు పైసా నుంచి జొహ్రా దాకా

దాదీమా ఇంతెఖాల్ అయ్యాక, నలభై రోజుల ఫాతెహా అయిన మర్నాడు పాకాలలోని మా పాత ఇల్లు సర్దాం. ఇత్తడి పాన్‌దాన్ ఫుఫ్ఫీ తీసుకుంది. దాని అడుగు అరలో పాత చిల్లర ఉంది. "రాగి కదరా, పాత సామాన్లోడికి కిలో లెక్కన ఏసేద్దాం" అన్నాడు చాచా. నాకిచ్చేయండి అన్నాను. ఎవరూ కాదనలేదు. దేనికి జగడం పడాలో మా ఖాందాన్‌కు బాగా తెలుసు.

మొత్తం ఇరవై మూడు. ఎక్కువ అణా జమానావి, కొన్ని నయా పైసలు. రెండు చిల్లు పైసలకు నల్లదారం ఇంకా ఉంది. అబ్బా పసితనంలో మొలతాడుకు కట్టినవట, నజర్ తగలకుండా. రెండో జంగ్‌లో రాగి పొదుపు కోసం 1943 నుంచి 1947 వరకు సర్కారు పైసాను నడుమ చిల్లుతో వేసింది. మన అమ్మీలకు దారం గుచ్చే తక్లీఫ్ తప్పింది!

నాణేల షౌఖ్ అనగానే అందరూ బంగారు మొహర్ల గురించే అడుగుతారు. నాకంత తాహత్తు లేదు, ఉన్నా మనసు చిల్లర మీదే. రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, పైసాకు 3 పైలు. అంటే రూపాయిలో 192 పైలు. 1957 ఏప్రిల్ 1న ఈ హిసాబ్ పోయి నూరు నయా పైసలు వచ్చాయి. దాదీమా మాత్రం చివరిదాకా పావలాను చవన్నీ అనే అంది. బీడీ, తమలపాకు, ఫకీరుకు ఖైరాత్... గరీబుల బతుకంతా ఈ రాగి మీదే నడిచింది. అందుకే అంతగా అరిగాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దయచేసి వీటిని చింతపండుతో తోమకండి. మెరుపొస్తుంది, ఉన్న అక్షరం పోతుంది.

నేను తలాష్ చేస్తున్నది ఇంకా పాతది. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలోనే. ఆయన బేటా టిప్పు సుల్తాన్ ఏనుగు బొమ్మతో రాగి పైసలు వేసి, వాటికి ఆసమాన్ నుంచి పేర్లు తెచ్చాడు. పైసా జొహ్రా, అంటే శుక్రుడు. అర పైసా బహ్రామ్, అంగారకుడు. పావు పైసా అఖ్తర్, అంటే చుక్క. అన్నిటికన్నా చిన్నది, పైసాలో ఎనిమిదో వంతు, ఖుత్బ్: ధ్రువతార. చిల్లరకు అంత ఇజ్జత్ ఇచ్చిన పాదుషా మరొకడు నాకు తెలీదు. అనంతపురం జిల్లా గుత్తిలో ఆయన టంకశాల ఉండేది. ఊరి పేరు ఫైజ్ హిసార్ అని మార్చాడు. ఫైజ్ హిసార్ జొహ్రా ఒకటి దొరకాలని దువా చేస్తున్నాను.

ఈలోగా తిరుపతిలో ఓ వ్యాపారి దగ్గర కంపెనీ వాళ్ల 1808 నాటి 20 కాసుల రాగి నాణెం దొరికింది. ఇంగ్లండ్‌లో అచ్చువేసి మద్రాసు ఇలాకా కోసం పంపినవి ఇవి. ఇలాంటి నాణేలతో బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809లో ఇంగ్లండ్ తీరం దాటకుండానే మునిగింది. 1980లలో వాటిని పైకి తీశారు. నాదానికి అంత కిస్సా లేదు, బాగా అరిగింది. ఒకవైపు సింహాలు, మరోవైపు ఫార్సీ: ఇరవై కాసులు నాలుగు ఫులూస్ అని.

మా బిడ్డకు తెలుగు, ఇంగ్లీషు వచ్చు, ఉర్దూ చదవడం రాదు. బడిలో లేదు, ఇంట్లో నాకు ఫుర్సత్ లేదు. దాదీమా ఉన్నన్నాళ్లూ అలిఫ్, బే దిద్దించింది. ఇప్పుడు ఆ బాధ్యత నాది. కితాబు తెరిస్తే పారిపోయే పిల్ల, నాణెం చేతిలో పెడితే భూతద్దం తెచ్చుకుని కూర్చుంది. కాఫ్... అలిఫ్... సీన్... అని కూడబలుక్కుంటూ, ఉన్నట్టుండి తలెత్తింది.

"అబ్బా, ఇది కాసు గదా! మన తెలుగు కాసు!"