ఎవరి పుష్కరమో

రాజమండ్రిలో ఈమధ్య తెరిచిన ఒక కాఫీ హోటల్లో గోడకు యాషికా ఎంఎఫ్-2 కెమెరా అతికించి ఉంది. తగిలించలేదు, జిగురు పూసి అతికించేశారు. దాని పక్కన లాంతరు, పాత రేడియో. లాంతరు సంగతి వదిలేద్దును. రెండు పెన్సిల్ సెల్సు, ఒక రీలు వేస్తే ఇవాళ్టికీ ఫొటో తీయగల యంత్రాన్ని, వెనక మూత తెరవడానికి కూడా వీల్లేకుండా గోడకు అంటించేయడానికి చేతులెలా వచ్చాయి? ఆ రోజు తాగిన కాఫీ ఎలా ఉందో నాకు గుర్తు లేదు.

మా ఇంట్లోనూ అదే కెమెరా ఉంది. బాబాయి మద్రాసు బర్మా బజారులో కొని తెచ్చాడు. 38 మిల్లీమీటర్ల లెన్సు. దూరం సరిచూసుకోనక్కర్లేదు, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడితే మనిషీ, మనిషి వెనకున్న చెట్టూ రెండూ తేటగా పడతాయి. ఫిల్ము 100దో 400దో మీట జరిపి చెప్పాలి. చీకటిగా ఉంటే ఫ్లాషు పైకి లేపాలి. అది సిద్ధమయ్యేదాకా లోపల్నుంచి సన్నగా కూసేది. ఆ కూత వినగానే పిల్లలం నవ్వడం మానేసి బిగుసుకుపోయేవాళ్లం. నొక్కాక బొటనవేలితో చక్రం తిప్పి ఫిల్ము జరపాలి. మా అమ్మ ఒక్క సాయంత్రంలో నేర్చేసుకుంది.

అంతకు ముందు మా ధవళేశ్వరంలో ఫొటో అంటే స్టూడియోకి వెళ్లాల్సిందే. అక్కడ వెనక పరదా మీద మంచుకొండలూ, సరస్సూ, రెండు హంసలూ ఉండేవి. తలుపు తీసి నాలుగడుగులు వేస్తే గోదావరి! కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేసిన చోటు, 1982 నాటికి దాని బదులు 175 గేట్ల బ్యారేజీ లేచిన చోటు. అంత నీటిని బయట వదిలేసి, రంగు పూసిన నీటి ముందు మా వాళ్లంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పెదనాన్న దగ్గర బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 ఉండేది గానీ, దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పన్నెండే ఫొటోలాయె. యాషికా వచ్చాకే మా ఇంటి ఫొటోల్లోకి గోదావరి వచ్చింది. పెళ్లినాటి స్టూడియో ఫొటోలో అమ్మ భుజాలు చెక్కతో చేసినట్టుంటాయి. గట్టు మీద బాబాయి తీసిన ఫొటోలో గాలికి ఎగిరిన కొంగు నోటికి అడ్డుపడితే, దాన్ని లాగేసుకుంటూ నవ్వుతోంది. ఆవిడ అలా నవ్వుతుందని మాకు తెలుసు, కాగితం మీద చూడటం అదే మొదలు.

ఇక రీలుకు ముప్పై ఆరు ఫొటోల సంగతి. దీని గురించి నేను ఎంతసేపైనా మాట్లాడతాను, మా ఇంట్లోవాళ్లు ఎంతసేపని వింటారు? జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఆయన 1913 ప్రాంతంలో సినిమా ఫిల్మును అడ్డంగా తిప్పి, రెండు సినిమా బొమ్మలు పట్టే చోట ఒక్క ఫొటో తీశాడు. మన చిన్న కెమెరాలన్నిటికీ మూలం అదే. రీలు మొత్తం విప్పితే అయిదడుగుల పైచిలుకు. ఆ అయిదడుగుల్లో మాకు సంక్రాంతి ముగ్గు నుంచి వినాయక చవితి పత్రి దాకా పట్టాలి. నొక్కేముందు అమ్మ ‘ఇది కావాలా?’ అని పైకే అనేది. ఒక్కోసారి కెమెరా దించేసి, ఊరికే చూస్తూ నిలబడేది. అలా తీయకుండా వదిలేసినవి కూడా నాకు కొన్ని గుర్తున్నాయి. లంకల వైపు నుంచి అరటిగెలలతో వచ్చిన పడవ ఒకటి. ఫిల్ము మొదలు కొస పొదుపుగా ఎక్కిస్తే ముప్పై ఏడోది కూడా దక్కేది. ఆ ముప్పై ఏడోది ఎప్పుడూ నాయనమ్మదే.

1991 ఆగస్టులో పుష్కరాలు. రీలు మొత్తం పుష్కరాలకే అని నాన్న ఆర్డరు వేశాడు. ఖరగ్‌పూర్ నుంచి మేనమామ కుటుంబంతో దిగాడు. రామపాదాల రేవులో ఎర్రటి వరద నీళ్లు. నాయనమ్మ కళ్లు మూసుకుని మూడు మునకలు వేసి లేచింది. లేచిన క్షణాన అమ్మ నొక్కింది. నేను పక్కనే ఉన్నాను, ఆ శబ్దం విన్నాను. తర్వాత కొండెక్కి జనార్దనస్వామి గుడి మెట్ల మీద అందరం వరసగా నిలబడ్డాం.

రీలు రాజమండ్రిలో ఒక ల్యాబులో కడిగించడానికిచ్చాం. పుష్కరాల రద్దీ, బల్ల మీద రీళ్లు కుప్పలుగా ఉన్నాయి. వారం తర్వాత చేతికిచ్చిన కవరు విప్పితే ముప్పై నాలుగు ఫొటోలు. ఒక్కదాంట్లోనూ మేం లేం.

‘ఇవి మావి కాదండి బాబూ’ అంది అమ్మ. ల్యాబాయన నంబరు చూశాడు, చిట్టా చూశాడు, నంబరు సరిపోయిందన్నాడు. మూడుసార్లు తిరిగాం. మా రీలు దొరకలేదు. ఆ మరుసటి ఏడు నాయనమ్మ పోయింది. ఆవిడవి అంతకుముందు తీసినవి, ఆ ముప్పై ఏడోవి తప్ప, అన్నీ నలుపు తెలుపువి, లేదంటే గుంపులో తల ఒక్కటే కనిపించేవి. తడి తలతో, రంగుల్లో, నీళ్లలోంచి లేచిన ఆ ఒక్క ఫొటో ఎవరింట్లోనో ఉంది. ఆ ల్యాబు మీద నా కోపం ముప్పై ఏళ్లు దాటినా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

అమ్మ మాత్రం ఆ ముప్పై నాలుగూ పారేయలేదు. మా ఆల్బమ్‌లోనే, మా ఫొటోల కోసం ఉంచిన పేజీల్లోనే పెట్టింది. మొదటిది గడప, నీలిరంగు తలుపు, ఎండిన మామిడాకుల తోరణం. రీలు ఎక్కించి పరీక్షకు నొక్కి ఉంటారు. ఓ పెద్దాయన చిల్లుపడ్డ గొడుగు పట్టుకుని నది వైపు తిరిగి ఉన్నాడు. రెండు జడల పిల్ల రాగిచెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పదీ పన్నెండేళ్లుంటాయి. బస్సు ముందు అందరూ నిలబడ్డ ఫొటోలో ఊరి పేరు బోర్డు ఒకావిడ తల వెనక్కి పోయింది. భూతద్దం పెట్టి అమ్మ ఎన్నిసార్లు చూసిందో! మా ఇంటి పిల్లలు ఆ పెద్దాయన్ని గొడుగు తాతయ్య అంటూనే పెరిగారు.

2003 పుష్కరాలకు అమ్మ ఆ ఫొటోలు సంచిలో పెట్టుకుని పన్నెండు రోజులూ రేవుకు వెళ్లింది. 2015లో మోకాళ్లు సహకరించక, గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆ ఫొటోల్లోని వాళ్లెవరూ కనిపించలేదు. వాళ్లూ మా నాయనమ్మ ఫొటో పట్టుకుని ఏ రేవులోనైనా తిరిగారో ఏమో.

2027లో మళ్లీ పుష్కరాలు. ఈసారి సంచి నేను మోస్తాను. గొడుగు తాతయ్య ఉండరు. ఆ పిల్లకు యాభై దగ్గర పడుతుంది, రెండు జడలు ఉండవు. కానీ ఎడమ కనుబొమ మీద ఒక చిన్న మచ్చ ఉంది, వేలిగోరంత. ఫొటోలో అది ఇవాళ్టికీ స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్లదీ యాషికాయే అయి ఉంటుంది.