కంప్యూటరుకు బీగాలు

1999లో నేను రోజూ హోసూరు నుంచి బెంగుళూరుకు బస్సులో ఉద్యోగానికి వెళ్ళివచ్చేవాణ్ణి. మా కంపెనీ యంత్రాలకు సొంత కెర్నల్ ఒకటి ఉండేది. కెర్నల్ అంటే ప్రోగ్రాములన్నిటికీ మెమరీని, ప్రాసెసర్ సమయాన్ని పంచిపెట్టే మూల ప్రోగ్రాము. ఒకే ప్రాసెసర్‌తో నడిచే దాన్ని రెండింటితో నడిచేలా మార్చడం నా పని.

"అక్కడ ఏమి చేస్తా వుండావురా?" అని నాయన రోజూ అడిగేవారు. తెలుగులో చెప్పబోతే నోరు పెగిలేది కాదు. (తమిళంలోనూ అంతే లెండి, ఆ బళ్ళో చదివినా!)

ఆ వేసవిలో ఇద్దరం కృష్ణగిరిలో మామ మామిడి మండీకి వెళ్ళాం. రెండు కాటాలు, ఇద్దరు గుమాస్తాలు, ఒకటే చిట్టా. మొత్తం 40 గంపలని ఇద్దరూ ఒకేసారి చూసుకున్నారు. ఒకడు 5 కలిపి 45 అని రాశాడు. ఇంకొకడు 3 కలిపి, దాన్ని కొట్టేసి 43 అన్నాడు. అయిదు గంపలు మాయం! మామ కేకలు వేస్తుంటే నాకు మాట దొరికింది. "మా మిషన్లోనూ ఇదే నాయనా!"

"చిట్టాను పెట్టెలో పెట్టి బీగం వెయ్యండి. బీగంచెవి వుండేవాడే రాయాల" అన్నారు నాయన.

1996 జూన్‌లో వచ్చిన లినక్స్ 2.0 చేసింది సరిగ్గా అదే. ఆలన్ కాక్స్ మొదలుపెట్టిన ఆ పనిలో కెర్నల్ అంతటికీ ఒకటే పెద్ద బీగం. లెక్క తప్పదు, కాని ఒక ప్రాసెసర్ కెర్నల్లో ఉంటే రెండోది బయట పడిగాపులు కాయాలి. దాన్ని చిన్న చిన్న బీగాలుగా విడగొట్టుకుంటూ పోతే, పెద్ద బీగం పూర్తిగా పోయింది 2011 మేలో, 2.6.39తో.

నేను మొదటి నెలలోనే చిన్న బీగాలు పెట్టాను. కుర్రతనం. రెండు మూడు రోజులకోసారి యంత్రం కొయ్యబారిపోయేది. ఏం జరుగుతోందో చూద్దామని ఒక వరుస కలిపితే వేళలు మారి తప్పు దాక్కునేది. మూడు వారాలకు దొరికింది: ఒకచోట మొదటి బీగం పట్టుకుని రెండోదానికి చూస్తున్నాను, ఇంకోచోట రెండోది పట్టుకుని మొదటిదానికి. ఎవరూ వదలరు. అలాంటి చోట్లు ఇంకెన్ని ఉన్నాయో!

"రెండిటికీ ఒగటే బీగం పెడితే పోదా?" అన్నారు నాయన, సంగటి ముద్ద తుంచుతూ.

కోపం వచ్చింది. కాని గడువుకు మేము పంపింది అదే, ఒకే పెద్ద బీగంతో. నెమ్మదిగానైనా ఆగకుండా నడిచింది. వరుస తప్పకుండా బీగాలు తీసుకునేలా సరిచేయడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆనాటినుంచి ఎవరు నా ఉద్యోగం అడిగినా "మావాడు కంప్యూటర్లకు బీగాలు వేస్తాడు" అనేవారు నాయన. ఒక ఆదివారం ఎదురింటాయన బీరువా బీగం చేతపట్టుకుని వచ్చాడు.