సొంతింట్లో చుట్టాలం

కోనసీమలో మా ఇల్లు అమ్మకానికి పెట్టాక తెలిసింది, మన ఇంటికి మనమే అడ్డమని. "కొనేవాళ్లొచ్చేసరికి ఇంట్లో ఎవరూ కాపురం లేనట్టుండాలి మాస్టారూ!" అన్నాడు బ్రోకరు. ఆ రోజు నుంచీ మా ఆవిడ ఇంగువ పోపు మానేసింది. ఆవకాయ జాడీలు మంచం కిందికీ, దండెం మీది పంచెలు బీరువాలోకీ వెళ్లాయి. నా పడక్కుర్చీ పెరట్లోకి వెళ్లింది. దాని వెనకాలే నేనూ.

ఈసీ, లింకు డాక్యుమెంట్లు తీయించడం ఎంతసేపు? చిక్కల్లా వీధిగది గోడమీద గీతతోనే. 1986 ఆగస్టు గోదావరి వరదలో నీళ్లు ఎంతవరకొచ్చాయో నాన్నగారు మేకుతో గీసి, పక్కన తారీఖు వేశారు. నా నడుమంత ఎత్తు. ఎన్నిసార్లు సున్నం వేయించినా ఆ గీత జోలికి ఎవర్నీ పోనిచ్చేవారు కాదు.

"ముందు లప్పం పెట్టి దీన్ని మూసెయ్యండి. చూశారంటే ధర పడిపోతుంది" అన్నాడు బ్రోకరు. నిజం చెప్పొద్దూ, నేను సరేననే అన్నాను. హైదరాబాదులో అబ్బాయి దగ్గరికి పోతున్నాం, చేతిలో నాలుగు డబ్బులుండాలి కదా! మా ఆవిడే రంగులవాడికి అడ్డం నిలబడింది.

"రేపు వాళ్లూ ఈ గదిలోనే పడుకోవాలి కదండీ" అంది.

ఆదివారం వచ్చిన పెద్దావిడ వంటిల్లు కూడా చూడలేదు. తిన్నగా ఆ గీత దగ్గరికెళ్లి చెయ్యి ఆనించింది.

"మా ఇంట్లో ఇంతకన్నా జానెడు ఎక్కువే వచ్చింది" అంది.

బ్రోకరు వాచీ చూసుకున్నాడు. మా ఆవిడ కాఫీ కలపడానికి లోపలికెళ్లింది.