అగ్గిపెట్టెలోని రంగులు

పిల్లలు గోడ మీద పిచ్చిగీతలు గీస్తే మనకెంత ఒళ్ళు మండుతుందో మీకు తెలియంది కాదు. సున్నం వేయించి నెల కాదు, అప్పుడే బొగ్గుతో రైలుబండి! అయినా ఈసారి శ్రీశైలం వెళ్తే, దర్శనం కాగానే బస్సు కోసం పరిగెత్తకండి. పిల్లల చెయ్యి పట్టుకుని ఆలయ ప్రాకారం వెంబడి కాస్త నడవండి. విజయనగర రాజుల కాలం నాటి గోడ అది. రాళ్ళ మీద వరసలు వరసలుగా ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, శివుడి కథలు. ఆళ్ళగడ్డలో ఉలి చప్పుడు వింటూ పెరిగిన మా అమ్మాయి కూడా అక్కడ నోరు తెరిచేసింది. "అమ్మా, నడుస్తుంటే బొమ్మలే కదుల్తున్నట్టుందే" అంది.

దానికి గీతాంజలి రావు సినిమా చూపించాను. పేరు 'ప్రింటెడ్ రెయిన్‌బో'. 2006లో వచ్చింది, 15 నిమిషాలే. మాటల్లేవు. నగరంలో ఓ చిన్న ఫ్లాటు, ఒంటరి పెద్దావిడ, ఆవిడ పిల్లి. చుట్టూ అంతా బూడిదరంగే. అగ్గిపెట్టె మీది బొమ్మలోకి తొంగిచూస్తే మాత్రం రంగులే రంగులు! కాన్ క్రిటిక్స్ వీక్‌లో 3 బహుమతులొచ్చినా, మన ఇళ్ళలో దాని పేరు విన్నవాళ్ళెందరు చెప్పండి? అగ్గిపెట్టె బొమ్మలు పోగెయ్యడం చిన్నప్పుడు మనలో చాలామంది చేసిన పనే కదా. ఎప్పుడు మానేశామో గుర్తుందా?

మా అమ్మాయి అయిదో తరగతిలోనే మానేసింది. డ్రాయింగు పీరియడ్ తీసేసి లెక్కలు పెట్టారు. "బొమ్మలకి మార్కులుండవమ్మా" అంది పెద్ద ఆరిందాలా. నాకు కడుపులో దేవినట్టయింది.

అందుకే ఈ పని మొదలుపెట్టాం. ఖర్చేమీ లేదు, మీరూ చేయించండి. పాత నోటుబుక్కు చాలు, కాగితం పల్చగా ఉండాలి. చివరి పేజీ మూలన మొదటి బొమ్మ వెయ్యాలి. దాని మీదికి ముందు పేజీ వాలిస్తే కింది గీత లీలగా కనిపిస్తుంది. దాన్నే చూస్తూ తొండం రవ్వంత పైకి జరిపి గియ్యాలి. అలా వెనకనుంచి ముందుకి రావాలి. అన్నీ అయ్యాక బొటనవేలితో వెనకనుంచి గబగబా వదిలితే ఏనుగు తొండం ఎత్తుతుంది. సెకనుకి 12 బొమ్మల లెక్కన 60 పేజీలు గీస్తే 5 సెకన్ల సినిమా. మా అత్తగారైతే ఇంతసేపు గీసింది ఇంతేనా అని నవ్వి, మళ్ళీ తిప్పమన్నారు.

ఇప్పటికి మా ఆయన పాత డైరీలు రెండు అయిపోయాయి. మూడోది అడుగుతోంది. ఏనుగు ఇంకా ఏటి దాకా చేరలేదట.